ఆ ఇంజన్ కాలిపోలేదన్నా

అన్నా, ఆ బొమ్మ రైలు ఇంజన్‌ని తూకానికి వేసెయ్యకండి. ఎర్రగడ్డ ఆదివారం సంతలో కొన్న హార్న్‌బీ డబ్లో అనే పాత బ్రిటిష్ బ్రాండు ఇంజన్‌ని కొత్త ట్రాక్ మీద పెట్టగానే ట్రాక్‌కి కరెంటిచ్చే కంట్రోలర్ ట్రిప్ అవుతోంది అన్నారు కదా, మోటారు కంటే ముందు చక్రాల్ని అనుమానించాలి. మీ ఫొటోలో అడుగున నడిమధ్య చెంచా ఆకారంలో రేకు కనిపిస్తోంది. అంటే అది మూడు పట్టాల మోడల్. కరెంటు మధ్య పట్టా నుంచి ఆ రేకులోకి వచ్చి, చక్రాల గుండా తిరిగి వెళ్తుంది. చక్రాలూ ఇరుసూ అంతా లోహమే, అందుకే రెండు పట్టాల ట్రాక్ మీద పెట్టగానే షార్ట్ అవుతుంది. డబ్లోలో రెండు పట్టాల రకం 1959లో గానీ రాలేదు.

ఇంజన్‌ని బల్ల మీద వెల్లకిలా పెట్టి, కంట్రోలర్ వైరు ఒకటి ఆ రేకుకీ, రెండోది చక్రానికీ తాకించండి. 12 వోల్టుల డీసీ చాలు, సున్నా నుంచి మెల్లగా పెంచండి. అంతకంటే ముందు కమ్యుటేటర్‌ని, అంటే మోటారులో బ్రష్‌లు తాకే రాగి ముక్కల భాగాన్ని, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో నల్లదనం పోయేదాకా తుడవండి. గట్టిపడిన పాత గ్రీజుని అగ్గిపుల్లతో గీకేసి, ఇరుసులకి కుట్టుమిషన్ నూనె ఒక్కో చుక్క వేయండి. కమ్యుటేటర్‌కి మాత్రం నూనె తగలనివ్వద్దు.

ఒక్కటి బతిమాలి చెబుతున్నా: మోటారు విప్పి ఆర్మేచర్ (లోపల తిరిగే తీగచుట్టల భాగం) బయటికి తీయకండి, ఆ పాత అయస్కాంతం బలం తగ్గిపోతుంది. రంగు మీద థిన్నర్ కూడా వద్దు, అక్షరాలు లేచిపోతాయి.

తిరిగితే మూడు పట్టాల పాత ట్రాక్ వెతుకుదాం. చక్రాలు మార్చే ఆలోచన పెట్టుకోవద్దు.