ఫెడరల్ కోర్టులో శిక్ష పడితే ఏడాది గడువు ఎప్పటి నుంచి?

ప్రశ్న: మా అన్నయ్య అమెరికాలో హెచ్1బి వీసా మీద ఉండగా ఫెడరల్ కేసులో గిల్టీ ప్లీ తీసుకున్నాడు, అంటే నేరం ఒప్పుకున్నాడు, శిక్ష పడింది. అప్పీలు వేయమని అడిగినా లాయరు వేయలేదట. కోర్టు కాగితాలన్నీ చేతికొచ్చాక వేరే లాయరును చూద్దామని ఇంట్లో అంటున్నారు. ఆగొచ్చా?

ఆగొద్దమ్మా. ముందు జడ్జిమెంట్ కోర్టు రికార్డులోకి ఎక్కిన తేదీ పట్టుకోండి. క్లర్కు ఆఫీసును అడిగినా చెబుతారు. అప్పీలు నోటీసుకు అక్కడి నుంచి 14 రోజులే. బలమైన కారణం చూపిస్తే జడ్జి ఇంకో 30 రోజుల దాకా పొడిగించగలరు, అంతకు మించి లేదు.

ఆ తలుపు మూసుకుపోయినా 2255 మోషన్ ఉంటుంది, అంటే ఫెడరల్ చట్టం 2255 సెక్షన్ కింద శిక్షను రద్దు చేయమనో, సరిదిద్దమనో కోరే దరఖాస్తు. శిక్ష వేసిన కోర్టులోనే దాన్ని వేస్తారు, ఫీజు లేదు. గడువు ఏడాది. ఈ ఏడాది ఎప్పుడు మొదలవుతుందన్న దగ్గరే మనవాళ్లు దెబ్బతింటున్నారు. జైలుకెళ్లిన రోజు నుంచి కాదు, కాగితాలు అందిన రోజు నుంచీ కాదు. తీర్పు ఫైనల్ అయిన రోజు నుంచి. అప్పీలు వేయకపోతే ఆ 14 రోజులు ముగియగానే తీర్పు ఫైనల్. 2024 జనవరి 10న జడ్జిమెంట్ ఎక్కిందనుకోండి, జనవరి 24కు ఫైనల్, మోషన్‌కు ఆఖరి రోజు 2025 జనవరి 24. అప్పీలు వేసి ఓడితే, సుప్రీంకోర్టుకు వెళ్లడానికి ఇచ్చే 90 రోజులు కూడా గడిచాకే ఏడాది మొదలవుతుందని 2003లో క్లే కేసులో తేల్చారు. ఆ 90 రోజులు అప్పీల్ కోర్టు తీర్పు తేదీ నుంచి లెక్క. కేసు కింది కోర్టుకు తిరిగొచ్చిన తేదీ నుంచి లెక్కేసుకుని మునిగినవాళ్లున్నారు.

అప్పీలు వేయమని అన్నయ్య స్పష్టంగా చెప్పినా లాయరు వేయకపోతే, ఆ ఒక్క కారణమే 2255కు సరిపోతుంది. ప్లీ ఒప్పందంలో (నేరం ఒప్పుకునేటప్పుడు ప్రభుత్వ లాయరుతో రాసుకునే ఒప్పందం) అప్పీలు హక్కు వదులుకున్నా సరే, అప్పీలు నోటీసు మాత్రం వేయాల్సిందేనని 2019లో గార్జా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అడిగినట్టు రుజువు కావాలి కాబట్టి ఈమెయిళ్లు, ఉత్తరాలు దాచండి.

వీసా, గ్రీన్ కార్డుల మీదున్నవాళ్లకు ఇంకో సంగతి చాలా ముఖ్యం. ప్లీ తీసుకుంటే దేశం నుంచి పంపేస్తారని లాయరు చెప్పాలని 2010లో పడిల్లా తీర్పు వచ్చింది. కొరియా నుంచి చిన్నప్పుడే వచ్చి మెంఫిస్‌లో రెస్టారెంట్లు నడుపుకున్న జే లీకి, డిపోర్టేషన్ భయం లేదని లాయరు తప్పు చెప్పాడు. ఆయన 2255 ద్వారానే పోరాడి 2017లో సుప్రీంకోర్టులో గెలిచారు. అయితే డిపోర్టేషన్ నోటీసు అందిన రోజు నుంచి కొత్తగా ఏడాది దొరుకుతుందని నమ్ముకోవద్దు. శ్రద్ధ పెడితే ఆ విషయం ఎప్పుడు తెలిసుండేదని కోర్టు చూస్తుంది. పంపేస్తారన్న హెచ్చరిక ప్లీ కాగితాల్లోనే ఉంటే మీ వాదన నిలబడటం కష్టం. ప్లీ ఒప్పందంలో 2255 హక్కు కూడా వదిలేశాడేమో లాయరుతో చదివించండి.

గడువు దాటాక దయ చూపే అవకాశం ఉందిగానీ చాలా ఇరుకు. మామూలు మరుపు, లెక్క తప్పడం, ఇంగ్లీషు అంతంతమాత్రం కావడం లాంటివి సాధారణంగా చెల్లవు. కాగితాలు సగమే ఉన్నా, తెలిసినంత రాసి గడువులోగా వేయడమే మేలని నా గట్టి అభిప్రాయం. కానీ కారణాలన్నీ మొదటిసారే రాయాలి, ప్రతిదాని కిందా జరిగిన విషయాలతో సహా. ఏడాది దాటాక కొత్త కారణం కలపాలంటే అది ముందు రాసిన సంగతులతోనే ముడిపడి ఉండాలి. రెండో మోషన్‌కైతే అప్పీల్ కోర్టు అనుమతి కావాలి, అది అరుదు.

కొత్త లాయరుకు డబ్బు కుదరకపోతే అన్నయ్యే స్వయంగా వేయొచ్చు. ఫారం పేరు ఏఓ 243, జైలు లైబ్రరీలో అడగమనండి. గడువు ఆఖరి రోజుకల్లా జైలు మెయిల్‌లో ఇచ్చేస్తే, కోర్టుకు ఆలస్యంగా చేరినా గడువులో వేసినట్టే. లీగల్ మెయిల్ విడిగా ఉంటే అందులోనే వేయాలి. ఏ తేదీన ఇచ్చాడో, స్టాంపు ఖర్చు కట్టాడో ప్రమాణపూర్వకంగా రాసి సంతకం చేసి జతపరచమనండి. ఒక కాపీ మీకూ పంపమనండి.