లక్ష రూపాయల ఏఐ కోర్సా, రాత్రంతా ఎడిటర్ బిల్డులా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. మా అబ్బాయి కాకినాడలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం. తోటివాళ్లంతా ఏఐ కోర్సుల్లో చేరుతుంటే, వీడు కోడ్ రాసుకునే ఈమ్యాక్స్ అనే ఎడిటర్‌ను విండోస్‌కు ఒక రకంగా, లినక్స్‌కు ఇంకో రకంగా బిల్డ్ చేస్తున్నానంటూ రాత్రి రెండింటిదాకా మేలుకుంటాడు. పనికిరాని పని అని ఎంత చెప్పినా వినడు. ఇప్పుడు మ్యాక్ లాప్‌టాప్ కావాలంటున్నాడు. కొబ్బరి మీద వచ్చేది అంతంతమాత్రం. హైదరాబాద్‌లో లక్ష రూపాయల ఏఐ కోర్సులో చేర్పించనా, ఇలాగే వదిలేయనా? రెండూ పోల్చి చెప్పండి.

జవాబు: భీమవరం నుంచి, తణుకు నుంచి, రావులపాలెం నుంచి తల్లిదండ్రులు నన్ను ఇదే అడుగుతుంటారు. పైకి అడిగేది కోర్సు గురించి. లోపలి భయం మాత్రం పక్కింటి పిల్లవాడు ముందుకు వెళ్లిపోతున్నాడని. కాబట్టి పోలిక తరువాత చూద్దాం, ముందు ఇది వినండి: మీ అబ్బాయి వెనకబడలేదు.

అతను చేస్తున్న పని ఏమిటంటే, ఈమ్యాక్స్ మూల కోడ్ ఒక్కటే, దాన్ని ఒక్కో సిస్టంలో నడిచే ప్రోగ్రాంగా తయారుచేయడమే బిల్డ్. తెర మీద కిటికీ తెరిచే పద్ధతి, అక్షరాలు కూర్చే పద్ధతి మాత్రం ఒక్కో సిస్టంలో ఒక్కోలా ఉంటాయి. ఆనకట్ట దగ్గర ఆగిన గోదావరి నీరు ఒక్కటే అయినా తూర్పు డెల్టాకు ధవళేశ్వరం, మధ్య డెల్టాకు బొబ్బర్లంక, పశ్చిమ డెల్టాకు విజ్జేశ్వరం తలుపులు ఎత్తుతారు కదా, బిల్డ్ ఆప్షన్లు అలాంటివి. మ్యాక్‌కు ‘విత్ ఎన్ఎస్’ ఉంది, అక్కడ అడగకపోయినా అదే వస్తుంది. లినక్స్‌లో వేలాండ్ అనే తెర వ్యవస్థ వాడేవారికి ‘విత్ పీజీటీకే’ ఉంది, అది 2023లో వచ్చిన 29వ వెర్షన్‌తో మొదలైంది. విండోస్‌లో, కోడ్‌ను ప్రోగ్రాంగా మార్చే మింగ్‌డబ్ల్యూ కంపైలర్‌తో కట్టాలి.

ఈ రాత్రి అతని పక్కన కూర్చుని ‘స్త్రీ’ అని టైపు చేయమనండి. సకారం కింద తవత్తు, రవత్తు కుదురుగా అమరాయంటే లినక్స్‌లో ఆ పని చేసింది హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ, అంటే వేరే ప్రోగ్రాంలు వాడుకునే సిద్ధంగా ఉన్న కోడ్. 2020లో వచ్చిన 27వ వెర్షన్ నుంచి ఈమ్యాక్స్ దానికే మొదటి చోటు ఇస్తోంది. దాన్నీ, అంతకు ముందున్న పాత లైబ్రరీలనూ వదిలేసి బిల్డ్ చేస్తే ఒత్తులు కట్టవు, పొల్లులతో అక్షరాలు విడివిడిగా నిలబడతాయి. మ్యాక్‌లో ఇదే పనిని ఆపిల్ వారి కోర్ టెక్స్ట్ చేస్తుంది. విండోస్‌లో హార్ఫ్‌బజ్ ఫైలు దొరకకపోతే విండోస్ సొంత యూనిస్క్రైబ్ చేస్తుంది. మన భాష ఒకచోట సరిగా, మరోచోట ముక్కలుగా ఎందుకు కనిపిస్తోందో కారణం వెతికి పట్టుకోగల కుర్రాడిని మీరు పనికిరాని పని చేస్తున్నావని కోప్పడుతున్నారు. ‘ఏం చేస్తున్నావు నాన్నా, నాకూ చూపించు’ అని ఒక్కసారైనా అడిగారా? మీ ఉత్తరంలో ఆ మాట ఎక్కడా లేదు. ఇది తప్పండీ.

ఏఐ మంచి రంగమే. సంభావ్యత, మాత్రికలు మళ్లీ మొదటి నుంచి చదివి, ఏళ్ల తరబడి కష్టపడేవారికి అందులో చోటుంది. నా అనుమానమంతా గణితం అక్కర్లేదు, మూడు నెలలు చాలు అని చెప్పి డబ్బు కట్టించుకునే కోర్సుల మీద. ఎవరో రాసిపెట్టిన కోడ్ తెరిచి, మీట నొక్కి, వచ్చిన గ్రాఫు చూపించడమే అక్కడ చదువు. టైటానిక్ ప్రయాణికుల్లో ఎవరు బతికారు, ఇళ్ల ధరలు ఎంత అన్న ఆ రెండు ప్రాజెక్టులే అందరి రెజ్యూమేల్లోనూ కనిపిస్తాయి. డేటా కాస్త మార్చి, ఫలితం ఎందుకు చెడిందని అడిగితే నోరు పెగలదు. ఆ పిల్లలు మొద్దులని కాదు, వారికి ఎవరూ నేర్పలేదు. నిజానికి ఏఐ లైబ్రరీలకూ ఈ తంటా ఉంది. పైటార్చ్‌నే తీసుకోండి, మామూలు ప్రాసెసర్‌కు ఒక బిల్డ్, ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డుకు ఆ కంపెనీ కుడా సాఫ్ట్‌వేర్‌తో మరో బిల్డ్. మీ అబ్బాయి రేపు అటు వెళ్లాలనుకున్నా ఈ నేర్పు అతని వెంటే ఉంటుంది.

అప్పు చేసి మ్యాక్ కొనకండి. కోడ్ అందరికీ కనబడేలా పెట్టే పబ్లిక్ ప్రాజెక్టులకు గిట్‌హబ్ సైటు వారి యాక్షన్స్ సేవలో మ్యాక్ యంత్రాలు ఉచితంగానే దొరుకుతాయి, బిల్డ్ పరీక్షించడానికి అవి సరిపోతాయి.

ఇక అబ్బాయికి కొన్ని మాటలు. బ్యాక్‌లాగులు ఉంటే ముందు అవి పూర్తి చెయ్యి. బిల్డ్, రిలీజ్ ఇంజినీర్ అన్న పేర్లతో క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు అరుదు, కనుక మామూలు కోడింగ్ పరీక్షలకూ సిద్ధపడు. నీ లాప్‌టాప్‌లోనే ఉండిపోయిన పని ఎవరికీ కనబడదు. దొరికిన లోపాన్ని ఈమ్యాక్స్ వారికి రాసి పంపు, వీలైతే సవరణ కూడా జతచెయ్యి. సుమారు 15 వరుసల లోపు మార్పులకు కాపీరైట్ పత్రం అడగరు. అంతకు మించితే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌కు సంతకం చేసి పంపాలి. 2005 నుంచి నడుస్తున్న గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో భృతి ఇచ్చి ఇలాంటి పనే చేయిస్తారు. ప్రాజెక్టుల జాబితా ఏటా మారుతుంది, అది చూసుకో.

అయ్యా, మీరు అడిగిన పోలిక ఇంతే: లక్ష రూపాయలు బ్యాంకులోనే ఉంచండి. పన్నెండింటికల్లా పడుకోమని మాత్రం గట్టిగా చెప్పండి, అందులో నేను మీ వైపే. అతను పంపిన మొదటి సవరణకు జవాబు వచ్చాక నాకు మళ్లీ రాయండి, అప్పుడు ఉద్యోగాల సంగతి వివరంగా మాట్లాడుకుందాం.