వేరుగా వచ్చేసి ఎనిమిది నెలలైంది, భయం మాత్రం పోవడం లేదు

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. తొమ్మిదేళ్లు భర్త చేతిలో దెబ్బలు తిని, చివరికి ఆరేళ్ల పాపను తీసుకుని పుట్టింటికి వచ్చేశాను. ఎనిమిది నెలలైంది. ఇక్కడ నన్నెవరూ ఏమీ అనరు. అయినా వీధిలో బుల్లెట్ బండి చప్పుడు వినిపిస్తే కాళ్లు వణుకుతాయి. రాత్రి రెండు దాటితే గానీ నిద్ర పట్టదు. ఒక్కోసారి ఎందుకు బతకాలి అనిపిస్తోంది. ఊళ్లో డాక్టర్ రాసిన నిద్రమాత్ర ఐదు నెలలుగా వేసుకుంటున్నాను. సైకియాట్రిస్టు దగ్గరికి వెళితే ఆ చీటీ చూపించి 'పిచ్చిది' అని చెప్పి కోర్టులో పాపను లాగేసుకుంటారని అమ్మ భయం. పెద్దలేమో ఇద్దరినీ కూర్చోబెట్టి కౌన్సెలింగ్ ఇప్పిద్దామంటున్నారు. ఏం చేయాలి? - ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు ఉత్తరం మధ్యలో ఒక్క వాక్యంగా రాసి వదిలేసిన మాటతోనే మొదలుపెడతాను. ఎందుకు బతకాలి అన్న ఆలోచన వచ్చినప్పుడు ఒంటరిగా ఉండకండి. ఆ మాటను మీ అమ్మగారికి ఉన్నదున్నట్టు చెప్పండి. నిద్రమాత్రల అట్టను ఆమె దగ్గరే ఉంచి ఏ రోజుది ఆ రోజు తీసుకోండి, ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే అక్కడి నుంచి తీయించేయండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఆ ఆలోచన ఎప్పుడు, ఎలా అనేదాకా వెళితే మాత్రం తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ఇక భయం సంగతి. ఉత్తరం చదివి జబ్బు పేరు ఖాయం చేయడం సరికాదు గానీ, మీరు చెప్పిన లక్షణాలు చూస్తే పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ (హింస, ప్రమాదం వంటివి అనుభవించాక ఆ భయం వదలని జబ్బు), దానితోపాటు డిప్రెషన్ ఉన్నాయేమోనని ఏ సైకియాట్రిస్టయినా పరీక్షించి చూస్తారు. ఏళ్ల తరబడి ఆ బండి చప్పుడు వినిపించిన కాసేపటికే దెబ్బలు పడుతూ వచ్చాయి కాబట్టి, ప్రమాదాన్ని పసిగట్టే మెదడు భాగం ఆ చప్పుడునే ప్రమాదంగా నేర్చుకుంది. మీరు ఇల్లు మారారన్న సంగతి మీకు తెలిసినంత త్వరగా దానికి తెలియదు. పైగా ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆ పూట గడిస్తే చాలని గడిపిన వారికి, కాస్త నెమ్మది దొరికాకే పీడకలలు, ఏడుపు, ఉలికిపాటు ఎక్కువ కావడం మేము తరచుగా చూస్తుంటాం. బయటికి వచ్చి తప్పు చేశాననడానికి అది గుర్తు కాదు. మీరు రాయలేదు గానీ, అతని మీద బెంగ కూడా కలుగుతూ ఉండవచ్చు. చాలామంది దాన్ని సిగ్గుతో దాచుకుంటారు. తొమ్మిదేళ్లలో మంచి రోజులు కూడా కొన్ని ఉండి ఉంటాయి కదా, వాటిని తలచుకున్నంత మాత్రాన జరిగిన హింస అబద్ధమైపోదు.

డాక్టరును కలిసినప్పుడు అడగకపోయినా చెప్పవలసినవి రెండున్నాయి. తలను గోడకేసి కొట్టడం, గొంతు నులమడం ఎప్పుడైనా జరిగాయా? జరిగి ఉంటే ఇప్పటి తలనొప్పికి, మతిమరుపుకు, నిద్రలేమికి ఆ గాయాలు కూడా కారణం కావచ్చు. గొంతు నులిమిన మనిషి మళ్లీ దాడి చేస్తే ప్రాణాపాయం ఎక్కువ కాబట్టి ఆ విషయం పోలీసులకు, లాయరుకు కూడా తెలియాలి.

నిద్రమాత్రల గురించి ఇంకాస్త ఎక్కువ చెప్పాలి. మీరు పేరు రాయలేదు. మన దగ్గర ఎక్కువగా రాసే ఆల్‌ప్రజోలం, క్లోనజిపాం రకం అయితే, అవి కొద్ది రోజులకు పనికొస్తాయి గానీ నెలల తరబడి వాడితే అలవాటుగా మారతాయి, అసలు జబ్బును తగ్గించవు. అలాగని ఈ జవాబు చదివి ఈ రాత్రే మానేయకండి. ఐదు నెలలు వాడిన మందును ఒక్కసారిగా ఆపితే వణుకు, తీవ్రమైన ఆందోళన, కొందరిలో ఫిట్స్ కూడా రావచ్చు కాబట్టి డాక్టరు చెప్పినట్టు మోతాదు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ఈ జబ్బుకు ప్రధాన చికిత్స, హింస జ్ఞాపకాలను భద్రమైన చోట, మీరు తట్టుకోగలిగినంత మేరకే బయటికి తీసి భయం తగ్గేలా శిక్షణ పొందిన సైకాలజిస్టు చేసే థెరపీ. అది సాధారణంగా కొన్ని వారాల పాటు సాగుతుంది. అవసరమైతే డిప్రెషన్, ఆందోళన తగ్గించే సెర్ట్రాలిన్ వంటి మందు ఇస్తారు. దాని ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది గనుక పది రోజులకే పనిచేయడం లేదని మానేయకూడదు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. అంత దూరం వెళ్లలేకపోతే దగ్గర్లోని ప్రభుత్వ బోధనాసుపత్రిలోని సైకియాట్రీ ఓపీలో చూపించుకోవచ్చు.

మీ అమ్మగారి భయం ఉత్తిది కాదు, అవతలి లాయరు ఆ చీటీని పట్టుకుని వాదించే ప్రయత్నం చేయవచ్చు. కానీ మానసిక జబ్బు ఉందని తేలినంత మాత్రాన ఆ మనిషిని మతిస్థిమితం లేనివారిగా పరిగణించకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం స్పష్టంగా చెబుతోంది. మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని కూడా అదే చట్టం ఆదేశిస్తోంది. పాప ఎవరి దగ్గర ఉండాలన్న విషయంలో కోర్టు ముందుగా చూసేది పాప సంక్షేమాన్ని. జబ్బు ముదరనివ్వకుండా వైద్యం చేయించుకుంటున్న తల్లి ఆ లెక్కలో వెనకబడదు. పైగా 2005 నాటి గృహహింస నిరోధక చట్టం మాటలతో, మానసికంగా పెట్టే బాధను, డబ్బు ఇవ్వకుండా పెట్టే బాధను కూడా హింసగానే గుర్తిస్తుంది కాబట్టి, దేనివల్ల ఈ స్థితి వచ్చిందో డాక్టరు రాసిన కాగితం మీకే ఆధారం కావచ్చు. స్త్రీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది, దానికి 15100కు ఫోన్ చేయండి. 181కి చేస్తే మీ జిల్లా సఖి కేంద్రం వివరాలు చెబుతారు, అక్కడ వైద్య, పోలీసు, న్యాయ సహాయంతోపాటు కౌన్సెలింగ్ కూడా దొరుకుతుంది. అతను ఇంటి మీదికి వస్తే మాత్రం నేరుగా 112కు చేయండి.

పెద్దలు చెప్పే ఉమ్మడి కౌన్సెలింగ్‌కు నేను ఇప్పుడు ఒప్పుకోను. భార్యాభర్తల మధ్య మాట పట్టింపులకు అది పనికొస్తుంది. కొట్టిన మనిషి ఎదురుగా కూర్చుంటే మీరు నిజం చెప్పలేరు, చెబితే బయటికొచ్చాక దాని ఫలితం మీరే అనుభవించాలి. మేజిస్ట్రేటు కౌన్సెలింగ్‌కు పంపినా విడివిడిగా పంపే వీలు గృహహింస చట్టంలోని 14వ సెక్షన్‌లోనే ఉంది, అలా కోరమని లాయరుకు చెప్పండి. పెద్దలను మాత్రమే తప్పుపట్టి లాభం లేదు. 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రెండు రాష్ట్రాల్లోనూ నూటికి దాదాపు 84 మంది స్త్రీలే, ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం సబబేనన్నారు. అలాంటి చోట మీ అమ్మగారు మీ పక్కన నిలబడటం చిన్న విషయం కాదు. వీలైతే డాక్టరు దగ్గరికి ఆమెనూ తీసుకెళ్లండి, కాసేపు మాత్రం మీరొక్కరే మాట్లాడే అవకాశం అడగండి.

పాప గురించి మీరు ఎక్కువ రాయలేదు. తల్లిని కొట్టడం చూసిన పిల్లలు పక్క తడపడం, బడికి వెళ్లనని మొండికేయడం, తల్లిని వదలకపోవడం ఉంటుంది. వాటికి తిట్టకండి. నాన్న కొట్టడం తప్పు, అందులో నీ తప్పేమీ లేదు అని పాపకు అర్థమయ్యే మాటల్లో చెప్పండి. బడి నుంచి పాపను ఎవరెవరు తీసుకెళ్లవచ్చో హెడ్‌మాస్టరుకు రాతపూర్వకంగా ఇవ్వండి. పక్క తడపడం తగ్గకపోతే మీరు వెళ్లే సైకియాట్రీ ఓపీలోనే పాపనూ చూపించండి.