రాత్రి కాల్స్‌తో అలసిన టీమ్‌కి యోగా సరిపోతుందా?

ప్రశ్న: హైదరాబాద్‌లో పన్నెండు మంది ఉన్న సాఫ్ట్‌వేర్ టీమ్‌కి లీడ్‌ని. అమెరికా క్లయింట్‌తో రోజూ రాత్రి కాల్స్ ఉంటాయి. హెచ్‌ఆర్ వాళ్లు యోగా క్లాసులు పెట్టారు. అడిగినవాళ్లకి ఇంటి నుంచి పని ఇస్తున్నాను. అయినా ఇద్దరు రాజీనామా చేశారు. ఇంకేం చేయాలి?

జవాబు: యోగా మంచిదే, కానీ దానివల్ల కాల్ టైము మారదు. ఎంఐటీ మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ ఎరిన్ కెల్లీ, సామాజికవేత్త ఫిలిస్ మోయెన్ బృందం అమెరికాలోని ఓ పెద్ద కంపెనీ ఐటీ విభాగంలో మనుషుల్ని కాకుండా పని తీరునే మార్చి చూసింది. 'స్టార్' అనే ఆ పద్ధతిని లాటరీ తీసినట్టు కొన్ని టీముల్లోనే అమలు చేశారు. ఆ టీముల్లో అలసట తగ్గింది, ఉద్యోగం మానేసినవాళ్లూ తగ్గారు.

మీ దగ్గర చిక్కు 'అడిగినవాళ్లకి' అన్న మాటలోనే ఉంది. పసిపిల్ల తల్లి మొహమాటపడుతూ అడుగుతుంది. పెళ్లికాని కుర్రాడు అడగడు, రాత్రి పనంతా అతని మీద పడుతుంది. 'స్టార్'లో ఎవరికి వారు అనుమతి అడగలేదు, టీమంతా కూర్చుని తేల్చుకుంది.

మీరూ గత రెండు వారాల కాల్స్ అన్నీ బోర్డు మీద రాయండి. ప్రతి కాల్‌లో ఎవరు మాట్లాడారో, ఎవరు ఊరికే విన్నారో గుర్తు పెట్టండి. విన్నవాళ్లకి నోట్స్ చాలు. మిగిలిన కాల్స్ వంతులేసుకోండి. రాత్రి వంతు చేసినవాళ్లకి మర్నాడు పదకొండు లోపు మీటింగ్ పెట్టకుండా క్యాలెండర్‌లో ఆ టైము మూసేయండి. ప్రొడక్షన్ (క్లయింట్ వాడుతున్న అసలు సిస్టమ్) ఆగితేనే ఫోన్, మిగతాదంతా మెసేజ్.

చాలామంది మరిచేది గడియారం సంగతి. అమెరికాలో ఏడాదికి రెండుసార్లు గడియారాన్ని గంట మారుస్తారు, మనం మార్చం. న్యూయార్క్‌లో ఉదయం 8:30 కాల్ వేసవిలో మనకి సాయంత్రం 6 గంటలకి. నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా అదే కాల్ 7కి పడుతుంది. ఆ నెలల్లో పొద్దున డ్యూటీని కూడా గంట ఆలస్యంగా మొదలుపెట్టాలి. లేకపోతే రోజు గంట పొడుగవుతుంది.

మీ నడతా లెక్కలోకి వస్తుంది. రాత్రి 11కి మెయిల్ రాస్తే పొద్దున 9కి వెళ్లేలా పెట్టండి. లీడ్ మెయిల్ చూశాక రేపు చూద్దామని ఎవరూ అనుకోరు.

ఒక్క హెచ్చరిక. వెళ్లిన ఇద్దరి చోటా ఎవరూ రాకుండా గడువులు అలాగే ఉంటే ఏ వంతులూ నిలవవు. ముందు క్లయింట్‌తో గడువులు మాట్లాడండి.

ప్రశ్న: కాల్ అయ్యాక కూడా పనే బుర్రలో తిరుగుతోంది. నిద్ర పట్టడం లేదు.

జవాబు: పని గంటలు అయ్యాక మనసు పని నుంచి తెగిపోవడం గురించి జర్మనీలోని మాన్‌హైమ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ సబీనే సొన్నెంటాగ్ ఏళ్లుగా పరిశోధిస్తున్నారు. తీరని పనే వెంటాడుతుంది. ల్యాప్‌టాప్ మూసే ముందు ఐదు నిమిషాలు కూర్చుని, మిగిలిన ప్రతి పని పక్కనా రేపు ఎన్నింటికి, ఏ మెట్టు నుంచి మొదలుపెడతారో రాయండి. పని పేరు ఒక్కటే రాస్తే చాలదు. ల్యాప్‌టాప్, ఆఫీసు చాట్ ఉన్న ఫోన్ పడకగదిలోకి రానివ్వకండి. అయినా వారాల తరబడి నిద్ర లేకపోతే డాక్టర్‌కి చూపించుకోండి.