పాఠకుల ప్రశ్నలు: నేత్రాణి దగ్గర స్కూబా ఎప్పుడు, ఎట్లా?

ప్రశ్న: దసరా సెలవుల్లో ఆరుగురం దోస్తులం కర్ణాటక తీరంల ఉన్న మురుడేశ్వర్ పోయి, నేత్రాణి దీవి దగ్గర స్కూబా (గాలి సిలిండర్ కట్టుకుని నీళ్ళ అడుగున తిరిగే డైవింగ్) చేద్దామనుకుంటున్నం. అప్పుడు నీళ్ళు తేటగ ఉంటయా?
– నల్లగొండ పాఠకుడు

జవాబు: పడవలు నడిచినంత మాత్రాన నీళ్ళు తేటపడ్డట్టు కాదు. జూన్ మొదట్లో నైరుతి రుతుపవనాలు ఆ తీరాన్ని తాకినప్పటి నుంచి సెప్టెంబరు దాకా డైవింగ్ బంద్. జూన్, జులైలలో పశ్చిమ తీరంలో మరపడవల చేపల వేటకే నిషేధం ఉంటుంది. అక్టోబరులో పడవలు మొదలైనా, శరావతి లాంటి నదులు వానకాలమంతా తెచ్చి పోసిన ఒండ్రు ఇంకా పూర్తిగా అడుక్కు దిగదు. పైగా వానకాలపు గాలులకు అడుగునున్న చల్లటి, పోషకాలున్న నీరు పైకొచ్చి సూక్ష్మమైన నాచు పెరుగుతుంది. నీళ్ళు పచ్చగా కనబడేది అందుకే. ఆ నెలలో ఒకరోజు నీళ్ళలో అయిదారు మీటర్ల దూరమే కనిపిస్తుంది, మూడోనాటికి పదిహేను కనిపించినా ఆశ్చర్యం లేదు.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా నమ్మకమైన కాలం. మార్చి దాటాక నీళ్ళు వెచ్చగానే ఉంటాయి కానీ మధ్యాహ్నం సముద్రపు గాలి లేచి అలలు పెరుగుతాయి, పొద్దున బయల్దేరే పడవే ఎక్కాలి. అమావాస్య, పున్నమిల చుట్టూ ఆటుపోట్లు ఎక్కువ కాబట్టి ప్రవాహం గట్టిగా ఉంటుంది. మొదటిసారి పోయేవాళ్ళు అష్టమి దగ్గరి రోజులు చూసుకోవడం మేలు. మమ్మల్నడిగితే దసరా వదిలేసి సంక్రాంతి సెలవులకు పెట్టుకోండి.

టికెట్లు కొనే ముందు ఇన్‌కాయిస్ వాళ్ళ సముద్ర సూచన చూడండి. మన హైదరాబాద్‌లోనే ఉన్న సంస్థ అది. అలల ఎత్తు మీటరున్నర దాటుతుందంటే ప్రయాణం వాయిదా వేయండి. మురుడేశ్వర్ నుంచి దీవికి సుమారు 19 కిలోమీటర్లు, గంట పైనే పడవలో ఊగాలి. ఖాళీ కడుపుతో ఎక్కితే వాంతులు తక్కువవుతాయనుకోవడం పొరపాటు. రెండు ఇడ్లీలు తిని, ఇంజన్ పొగకు దూరంగా, పడవ మధ్యలో, దూరంగా నింగీ నీరూ కలిసే గీత చూస్తూ కూర్చోండి. ఫోన్ తీయొద్దు.

ప్రశ్న: చిన్నప్పటి నుంచి బాయిల ఈత కొట్టినం. దమ్ము పట్టి అడుగుకు పోయి మట్టి తెచ్చేటోళ్ళం. మాకు కూడ శిక్షణ కావాల్నా?
– మిర్యాలగూడ పాఠకుడు

జవాబు: మీకే ఎక్కువ కావాలి. నీళ్ళంటే భయం లేకపోవడం మంచిదే, కానీ దమ్ము పట్టే అలవాటు స్కూబాలో ప్రాణం మీదికి తెస్తుంది.

బాయి గట్టు మీద పీల్చిన నాలుగు లీటర్ల గాలి, 10 మీటర్ల లోతుకు పోతే నీటి ఒత్తిడికి రెండు లీటర్లవుతుంది. పైకొస్తే మళ్ళీ నాలుగే, ఊపిరితిత్తులకేం కాదు. స్కూబాలో మాత్రం ఆ 10 మీటర్ల లోతులోనే, ఆ ఒత్తిడి మీదే సిలిండర్ నుంచి నాలుగు లీటర్లు పీలుస్తారు. దాన్ని బిగబట్టి పైకొస్తే ఎనిమిది లీటర్లవ్వాలని చూస్తుంది. అంత చోటు లోపల లేదు. ఊపిరితిత్తి చిరుగుతుంది, గాలి బుడగలు రక్తంలో కలుస్తాయి. నిండా గాలి పీల్చుకుని ఉంటే రెండు మీటర్ల లోతు నుంచి లేచినా ఈ ప్రమాదం ఉంది. అందుకే మొదటి సూత్రం: ఊపిరి ఎప్పుడూ ఆపొద్దు. సిలిండర్ గాలిని నోటికందించే రెగ్యులేటర్ జారితే దాన్ని వెతికి పట్టుకునేదాకా పెదాల మధ్య నుంచి సన్నగా బుడగలు వదులుతూనే ఉండాలి.

రెండోది చెవులు. బాయిలో నొప్పి ఓర్చుకుని మునిగిన అలవాటు ఇక్కడ పనికిరాదు. తల నీళ్ళలో మునగగానే ముక్కు మూసి మెల్లగా ఊదండి, తర్వాత ప్రతి అర మీటరుకూ అట్లే చేయండి. నొప్పి వచ్చాక ఊదితే చెవి తెరుచుకోదు. ఒక మీటరు పైకి లేచి మళ్ళీ ప్రయత్నించాలి. బలంగా ఊదితే లోపలి చెవి దెబ్బతింటుంది. జలుబున్న రోజు దిగొద్దు. మందు వేసుకుని దిగితే దాని ప్రభావం అడుగున తగ్గి, పైకొచ్చేటప్పుడు చెవుల్లో గాలి చిక్కుకుంటుంది.

ఇంకొకటి. నీళ్ళలో బొటనవేలు పైకెత్తితే ‘బాగున్నా’ అని కాదు, ‘పైకి పోదాం’ అని. అది తెలియక అడుగున చేపలు చూసి సంబరంగా వేలెత్తి, రెండు నిమిషాలకే పైకి తేలినవాళ్ళు ప్రతి సీజన్‌లో కనబడతారు.

ప్రశ్న: సిలిండర్‌లోని ఆక్సిజన్ ఎంతసేపు వస్తుంది?
– నాగర్‌కర్నూల్ పాఠకురాలు

జవాబు: అందులో ఉండేది మనం పీల్చే మామూలు గాలే అమ్మా, వడగట్టి కుదించి నింపుతారు. మామూలు అల్యూమినియం సిలిండర్‌లో 200 బార్ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర సుమారు 2,200 లీటర్లు పడుతుంది. నిదానంగా పీల్చేవారు గట్టు మీద నిమిషానికి 20 లీటర్లు వాడితే, 10 మీటర్ల లోతులో 40 వాడతారు. 50 బార్ మిగలగానే పైకి రావాలి కాబట్టి లెక్కకు 40 నిమిషాలు. కొత్తవాళ్ళు కంగారుతో ఇంతకు రెట్టింపు పీలుస్తారు, అందుకే మొదటి డైవ్ ఇరవై ఇరవై అయిదు నిమిషాల్లో ముగుస్తుంది.

ప్రశ్న: ముందుగా నాగార్జునసాగర్ నీళ్ళల్ల ప్రాక్టీస్ చేయొచ్చా?
– హాలియా పాఠకుడు

జవాబు: వద్దు. కరెంటు ఉత్పత్తికి నీళ్ళెప్పుడు వదులుతారో మీకు తెలియదు, అడుగున ఏముందో కనబడదు. ఈతకొలనులో, శిక్షకుడి పక్కన చేయండి. ఒక తేడా గుర్తుంచుకోండి: ఉప్పునీరు ఎక్కువ తేలుస్తుంది, మునగడానికి కట్టుకునే సీసపు బరువు కొలనులో ఎంత సరిపోయిందో దానికి సముద్రంలో రెండు మూడు కిలోలు కలపాలి.

ప్రశ్న: మా ఆయనకు బీపీ మాత్రలున్నాయి. పొద్దున డైవ్ చేసి సాయంత్రం బస్సుకు వనపర్తి వచ్చేయొచ్చా?
– వనపర్తి పాఠకురాలు

జవాబు: బీపీ ఉన్నంత మాత్రాన అడ్డం కాదు, కానీ డైవ్‌కు ముందు నింపే వైద్య పత్రంలో ‘అవును’ అని రాయాల్సి ఉంటుంది. డాక్టరు సంతకం చేసిన ధ్రువపత్రం ఇక్కడి నుంచే తీసుకుపోండి. అక్కడ పడవ ఎక్కే ముందు దొరకదు. ఆస్తమా, మూర్ఛ, చెవి ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టరును అడగందే ముందుకు పోవద్దు, గర్భిణులు అసలు దిగొద్దు.

ఇక బస్సు సంగతి. డైవ్ చేసిన వెంటనే ఎక్కకూడనిది విమానమే కాదు, ఘాట్ కూడా లెక్కలోకొస్తుంది. లోతులో ఒంట్లో కరిగిన నత్రజని బయటికి పోవడానికి సమయం పడుతుంది. ఆలోపు ఎత్తుకు పోతే, సోడా సీసా మూత తీసినట్టు, బుడగలు కట్టే వీలుంది. అంకోలా దాటి ఆర్బైల్ ఘాట్ ఎక్కి పోయే దారిలో వచ్చే హుబ్బళ్ళి సముద్ర మట్టానికి 600 మీటర్ల పైనే. విమానాలకు చెప్పే గడువులు ఆ ఎత్తు నుంచే వర్తిస్తాయి: ఒక డైవ్ అయితే 12 గంటలు, రెండు చేస్తే 18 గంటలు. మధ్యాహ్నం పన్నెండుకు రెండో డైవ్ ముగిస్తే మర్నాడు ఆరింటి తర్వాతే బస్సు. ఆ రాత్రి మురుడేశ్వర్‌లో ఆగండి, మద్యం ముట్టొద్దని ఆయనకు చెప్పండి.

ప్రశ్న: నాకు మీసాలు గుబురు, అద్దాలు కూడ ఉన్నయి. మాస్క్ ఆగుతదా?
– గద్వాల పాఠకుడు

జవాబు: ముక్కు కింద, మాస్క్ అంచు ఆనే చోట సన్నటి గీత మేర కత్తిరించండి, మీసం పోదు. నీళ్ళు దూరినా కంగారొద్దు: తల కొంచెం ఎత్తి, మాస్క్ పై అంచు నొక్కిపట్టి, ముక్కుతో వదలండి. మెత్తటి కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోవచ్చు, కానీ అప్పుడు మాస్క్‌లో నీళ్ళు నిండితే కళ్ళు మూసుకోవాలి. పవర్ అద్దాల మాస్క్ ఉందేమో బుకింగ్ రోజే మీ అద్దాల పవర్ చెప్పి అడగండి. అదే ఫోన్‌లో పడవలో అత్యవసరానికి ఆక్సిజన్ కిట్ ఉంటుందా, ఒక్కో శిక్షకుడికి ఎంతమంది, సముద్రం బాగాలేక రద్దయితే డబ్బు తిరిగిస్తారా అన్నదీ తేల్చుకోండి.