ఆరు కుందేళ్లకు ఒక కుక్కపిల్ల

ప్రశ్న: మాస్టారూ, మావారి ఉద్యోగరీత్యా మేం వార్సాలో ఉంటున్నాం. మా పాపకు ఎనిమిదేళ్లు. పక్కింటివాళ్లు కానుకగా ఇచ్చిన ‘సూపర్ ఫార్మర్’ అనే, పాచికలు వేసి జంతువుల మందను పెంచుకునే ఆట పట్టుకుని రోజూ కూర్చుంటోంది. కుందేళ్లు, గొర్రెలు, పందిపిల్లల బొమ్మలు ముద్దొస్తున్నాయి, కాదనను. కానీ తోడేలు పడిన రోజు అన్నం ముట్టకుండా ఏడుస్తోంది. అంతా పాచికల మీదే నడిచేదానికి ఇంత మోజెందుకు? మాన్పించెయ్యమంటారా?
– ఒక పాఠకురాలు, వార్సా

జవాబు: మాన్పించకండమ్మా. మా ఇంట్లోనూ ఆ ఆట ఉంది. మేనల్లుడు తెచ్చిపెట్టాడు. సాయంత్రాలు మనవడితో ఆడుతుంటాను కాబట్టి మీ పాప ఏడుపు నాకు బాగా తెలుసు.

అంతా పాచికల మీదే నడుస్తుందన్నారు, అక్కడే నేను ఒప్పుకోను. వైకుంఠపాళిలో గవ్వలు వెయ్యడం తప్ప మన చేతిలో ఏమీ ఉండదు. పెద్దపాము మింగితే మింగినట్టే. పులిజూదంలో అదృష్టానికి అసలు చోటే లేదు. ఈ ఆట ఆ రెంటికీ నడుమ ఉంటుంది.

పాచికలు రెండు, ఒక్కోదానికి 12 ముఖాలు. వాటిలో ఆరేసి ముఖాల మీద కుందేలే. ఒక పాచిక మీద నక్క ఒక్కచోట, రెండోదాని మీద తోడేలు ఒక్కచోట. మీ దగ్గరున్న కుందేళ్లకు పాచికల మీద పడ్డవి కలిపి, ఎన్ని జతలైతే అన్ని పిల్లలు మీకొస్తాయి. ఏడున్నప్పుడు ఒక్క కుందేలు పడితే మొత్తం ఎనిమిది, అంటే నాలుగు జతలు. మంద పదకొండవుతుంది! ఆ పెరగడం చూసి ఏ పిల్లకైనా ఆశ పుడుతుంది. ‘ఇంకొక్కసారి వేద్దాం’ అనిపిస్తుంది.

నక్క పడితే ఆ కుందేళ్లు పోతాయి. ఒక్కసారి వేస్తే అది పడే అవకాశం పన్నెండింట ఒకటే, చాలా తక్కువనిపిస్తుంది. కానీ ఎనిమిదిసార్లు వేసేసరికి ఒక్కసారైనా పడే అవకాశం సగానికి సగం. ఈ లెక్క పిల్లలకు నోటితో చెబితే ఎక్కదు, ఆడితే చేతికి తెలిసిపోతుంది. నక్కను ఆపడానికి కుక్కపిల్లను కొనుక్కోవచ్చు, ఖరీదు ఒక గొర్రె. గొర్రె అంటే ఆరు కుందేళ్లు. తోడేలుకైతే పెద్ద కుక్క కావాలి, దానికి ఏకంగా ఆవునే ఇచ్చుకోవాలి. మా మనవడు కుందేళ్లను చాప మీద వరసగా పేర్చుకుని, ఒక చెయ్యి కుక్కపిల్ల మీద, ఒక చెయ్యి పాచికల మీద పెట్టి పెదవి కొరుక్కుంటూ ఉండిపోతాడు. అప్పుడు వాడి ముఖం చూడాలి! మోజంతా ఆ క్షణంలోనే ఉంది. బొమ్మలు ముద్దుగా ఉండబట్టే పోగొట్టుకోవడానికి ప్రాణం ఒప్పదు. వట్టి బిళ్లలైతే ఆ టెన్షన్ రాదు.

ఇంకో సంగతి. ఈ ఆట మీరుంటున్న ఊళ్లోనే పుట్టింది. కరోల్ బోర్సుక్ అని గొప్ప గణితవేత్త. జర్మన్లు వార్సాను ఆక్రమించి విశ్వవిద్యాలయం మూసేస్తే ఆయన జీతం పోయింది. ఇల్లు గడవడానికి 1943లో ఈ ఆటను తయారుచేశారు, పోలిష్‌లో దాని పేరుకు ‘చిన్నారి జంతువుల పెంపకం’ అని అర్థం. ఆయన భార్య జోఫియా ఇంట్లోనే పెట్టెలు సిద్ధం చేసేవారు. 1944లో జర్మన్ల మీద వార్సా జనం చేసిన తిరుగుబాటులో నగరంతోపాటు అవీ తగలబడిపోయాయి. ఊరి బయట ఎక్కడో ఒక్క పెట్టె మిగిలి, చాలా ఏళ్ల తర్వాత ఆ కుటుంబానికి చేరింది. దాని ఆధారంగానే 1997లో గ్రన్నా సంస్థ మళ్లీ అచ్చు వేసింది. రాత్రికి రాత్రి సర్వం పోవడమంటే ఏమిటో చూస్తున్న ఇంట్లో, తోడేలు, నక్క ఉన్న ఆట పుట్టిందని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. పాపకు ఈ కథ చెప్పండి.

ఏడుపు మాటకొస్తే, భోజనానికి గంట ముందే ఆట ముగించండి. పాచికలు వేసే ముందు ప్రతిసారీ ‘ఇప్పుడు నక్క పడితే ఏం పోతుంది?’ అని అడగండి. సమాధానం తనే చెప్పాలి, కుక్కపిల్లను కొనాలో వద్దో కూడా తనే తేల్చుకోవాలి. మీరు సలహా ఇవ్వొద్దు. నాకైతే పన్నెండు కుందేళ్లు దాటాక కుక్కపిల్ల లేకుండా పాచికలు ముట్టుకోబుద్ధి కాదు. మా మనవడు పద్దెనిమిది దాకా ఆగుతాడు.