గీత పడకముందే భయం

ప్రశ్న: శ్రీకాళహస్తి పద్ధతిలో కలంకారీ నేర్చుకుంటున్నాను. ఏడాదైంది. చింతబొగ్గుతో బొమ్మ బాగానే వస్తుంది. కసిమి రసంలో కలం ముంచి నల్ల గీత వేయాల్సి వచ్చేసరికి చెయ్యి బిగుసుకుపోతుంది. గీత మొదట్లోనే మచ్చ పడుతుంది, ఆ గుడ్డ పక్కన పడేస్తాను. అలా సగంలో ఆగినవి 11 ఉన్నాయి. ఈ పని నాకు రాదేమో!
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మచ్చ పడేది మీకు చేతకాక కాదమ్మా, మీరు ఆగడం వల్ల. కలానికి చుట్టిన ఉన్ని కసిమిని పట్టి ఉంచుతుంది. వేళ్లతో నొక్కితే రసం మొనలోకి దిగుతుంది. మొన గుడ్డను తాకి కదలకుండా ఉన్నంతసేపూ దిగుతూనే ఉంటుంది. భయంతో వేళ్లు బిగిస్తే ఇంకా ఎక్కువ దిగుతుంది. తప్పు పోతుందేమోనని ఆగిన ఆ క్షణంలోనే మచ్చ తయారవుతోంది.

మిమ్మల్ని మీరు తిట్టుకునే ముందు గుడ్డను కూడా చూడండి. మచ్చ గీత మొదట్లో మాత్రమే ఉంటే అది చేతి సంగతి. గీత పొడవునా అంచులు పాకితే లోపం గుడ్డది. కరక్కాయ కలిపిన పాలలో ముంచినప్పుడు పాలు తగ్గి ఉంటాయి, లేదా గుడ్డ పూర్తిగా ఆరి ఉండదు. రసం పాకకుండా ఆపేది పాలలోని కొవ్వే. ఈ తేడా చూడకుండా అన్నిటికీ తన చేతినే నిందించుకునేవాళ్లు చాలామంది.

మీ భయం అర్థంలేనిదేం కాదు. కసిమి అంటే ఇనుప ముక్కలూ బెల్లమూ నీళ్లలో ఊరగా వచ్చిన రసం. అందులోని ఇనుము కరక్కాయ వగరుతో కలిసి నల్లబడుతుంది, కడిగినా పోదు. అందుకే సాధన వేరే గుడ్డ మీద చేయాలి. కాగితం మీద వద్దు. దానికి కరక్కాయ పట్టించి ఉండదు కనక అసలైన నలుపు రాదు, మొన జారే తీరూ వేరు. మీ గుడ్డతోపాటే ముంచి ఆరబెట్టిన ముక్కలు, జానెడువి పది ఉంచుకోండి. రోజూ పని మొదలుపెట్టే ముందు ఒక ముక్క తీసి, పది నిలువు గీతలు, పది వంపులు, పది సున్నాలు వేయండి. కలం ముంచాక పాత గుడ్డకు ఒకసారి అద్దండి. చెయ్యి గాలిలో ఉండగానే కదలిక మొదలవ్వాలి, ఆ కదలికలోనే మొన గుడ్డను తాకాలి. పైకి తీసేటప్పుడూ అంతే, ఆగి తీయకూడదు. దీనికి పావుగంట చాలు.

అసలు గుడ్డ మీద ముందుగా ముఖం జోలికి వెళ్లకండి. అంచులోని లతలతో మొదలుపెట్టి, బట్టల మడతలు, ఆపైన నగలు వేయండి. చెయ్యి సాగాక ముఖం.

ఆ పదకొండింటిలో మూడు తీసి పూర్తి చేయండి. గీతను ఆనుకుని ఉన్న మచ్చయితే గీతనే కాస్త మందం చేస్తే కలిసిపోతుంది. ఖాళీలో పడితే పువ్వో చుక్కల వరసో అవుతుంది. ఖాళీలను అలా నింపడం ఈ శైలిలో ఉన్నదే. ముఖం మీద పడిన మచ్చను దాచలేం. అయినా ఆ గుడ్డకు పటిక పెట్టండి, ఎరుపు రంగులో ఉడికించండి, పారే నీటిలో ఉతకండి. ఏడాదిగా గీత దగ్గరే ఆగిపోవడం వల్ల ఆ పనులేవీ మీ చేతికి అలవాటు కాలేదు. నా దృష్టిలో మచ్చల కన్నా పెద్ద నష్టం అదే.

ప్రశ్న: కథ రాయాలని కూర్చుంటే మొదటి పేరానే ఇరవైసార్లు తిరగరాస్తాను. మా పాలమూరు మాట రాస్తే పత్రికలవాళ్లు ఒప్పుకుంటారో లేదోనని దాన్నీ మారుస్తుంటాను. రెండో పేజీకి ఎన్నడూ పోలేదు.
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: మొదటి పేరా ఎలా ఉండాలో చెప్పేది కథ ముగింపు. ముగింపు లేకుండా దాన్ని చెక్కితే, రేపు కొట్టేయాల్సిన వాక్యాలకు ఇవాళ మెరుగులు దిద్దినట్టే. మీకు బాగా కనబడుతున్న సన్నివేశం ఏదైతే అది ముందు రాయండి, అది కథ నడుమ వచ్చేదైనా సరే. కాగితం మీద, పెన్నుతో, అరగంట. వెనక్కి చదవొద్దు, కొట్టివేత వద్దు. మాట తోచకపోతే అక్కడ ఒక ఇంటూ గుర్తు పెట్టి ముందుకు పోండి. కథ చివరిదాకా వచ్చాక వారం రోజులు పక్కన పెట్టండి.

తరవాత మూడుసార్లు చదవండి, ఒక్కోసారి ఒక్క పనే. మొదటిసారి సంఘటనల వరస. రెండోసారి సంభాషణలు, పైకి చదువుతూ. ‘వెళ్లి’యా ‘వెళ్ళి’యా, ‘పోయిండు’ ఒకచోట ‘వెళ్లాడు’ మరోచోట పడ్డాయా అన్నది మూడోసారి. భాష విషయంలో మీరు ముందే భయపడుతున్నారు. మీ ఇంట్లో మాట్లాడే మాటలోనే మొత్తం రాయండి. సంపాదకులు చూసేది ఆ మాట చివరిదాకా నిలిచిందా అని. పాలమూరు మాటలో ఎన్నో మంచి కథలు అచ్చయ్యాయి.

ప్రశ్న: పాడిన ప్రతిసారీ రికార్డు చేసి వింటాను. విన్న ప్రతిసారీ ‘ఛీ’ అనిపిస్తుంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: పాడిన వెంటనే వినకండి. మర్నాడు ఒక్కసారి విని, ఒక్క వాక్యం రాయండి. ఆ వాక్యంలో చోటు ఉండాలి, తప్పు ఉండాలి. ‘బాగాలేదు’ అని రాస్తే దాంతో చేయగలిగిందేమీ లేదు. ‘చరణం రెండో ఆవృతంలో (తాళం రెండో చుట్టులో) పైషడ్జం (పై ‘స’) దగ్గర శ్రుతి తగ్గింది’ అని రాస్తే రేపటి సాధన ఏమిటో తేలిపోతుంది. ఆ ఒక్క ఆవృతాన్ని తంబురా పెట్టుకుని, సగం వేగంతో పదిసార్లు పాడండి. మిగతా పాట ఆ రోజు ముట్టుకోవద్దు.

ఇలా చేసినా నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, పాడటమే మానేయాలనిపించడం రెండు వారాలు దాటితే అది పాట సమస్య కాదు, డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416కు ఫోన్ చేసినా మాట్లాడతారు, తెలుగులోనే.